చెప్పుకుంటేనే తీరే బాధ

"చెబితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది" అని ఒక సామెత. ఆడవాళ్ల బతుకులో ఈ సామెత బాగా సరిపోయే చోటు ఒకటి ఉంది. అది భార్యాభర్తల కలయిక.

జ్వరం వస్తే ఇంట్లో చెబుతారు. నడుం నొప్పి వస్తే పక్కింటి అక్కతో చెబుతారు. పంటి నొప్పి వస్తే ఊరంతటికీ తెలుస్తుంది. కానీ భర్తతో కలిసినప్పుడు నొప్పి పుడితే ఎవరికీ చెప్పరు. తల్లికి చెప్పరు, నర్సమ్మకు చెప్పరు. చివరికి ఆ భర్తకు కూడా చెప్పరు. పళ్లు బిగబట్టి ఓర్చుకుంటారు. ఆడపుట్టుక అంటే ఇంతేలే అనుకుంటారు.

మగవాళ్ల సంగతీ అంతే. తమలో ఏదో లోపం ఉందని లోలోపల కుమిలిపోతారు. ఆ కోపం భార్య మీద చూపిస్తారు. లేదా గోడ మీద ప్రకటన చూసి, ఎవరికీ తెలియకుండా డబ్బు తగలేసుకుంటారు.

ఇలాంటి బాధలు ఏ ఒక్క ఇంట్లోనో ఉండేవి కావు. ఊరూరా ఉంటాయి. పేదింట్లో ఉంటాయి, మేడలోనూ ఉంటాయి. ఇవి పాపం వల్ల వచ్చేవి కావు. శాపం వల్ల వచ్చేవి కావు. ఒంటికీ మనసుకూ వచ్చే ఇబ్బందులు. చాలావాటికి మందు ఉంది, మార్గం ఉంది. అయితే ముందు నోరు తెరిచి చెప్పాలి.

ఒళ్లు ఎలా సిద్ధమవుతుంది?

పొయ్యి మీద ఎసరు పెట్టగానే నీళ్లు మరగవు. కాసేపు పడుతుంది. ఒళ్లు కూడా అంతే.

మనసులో ఇష్టం కలిగినప్పుడు జననాంగాలకు రక్తం ఎక్కువగా చేరుతుంది. ఆడవాళ్లలో యోని లోపలి గోడలు తడి అవుతాయి. కండరాలు వదులవుతాయి. అప్పుడు కలయిక నొప్పి లేకుండా జరుగుతుంది. మగవాళ్లలో అంగంలోకి రక్తం చేరి గట్టిపడుతుంది. ఇద్దరిలోనూ జరిగే పని ఒకటే. రక్తం చేరాలి, మనసు కుదురుగా ఉండాలి.

ఆడవాళ్ల ఒళ్లు సిద్ధం కావడానికి చాలాసార్లు ఎక్కువ సమయం పడుతుంది. మాట, ముద్దు, లాలన, నిదానం కావాలి. యోనికి పైభాగంలో చిన్న మొగ్గలాంటి భాగం ఒకటి ఉంటుంది. ఆడవాళ్లకు సుఖం ఎక్కువగా తెలిసేది అక్కడే. ఈ సంగతి చాలామంది భర్తలకు తెలియదు. చాలామంది భార్యలకూ తెలియదు. కలయిక ఒక్కదానితోనే తృప్తి కలగని ఆడవాళ్లు ఎందరో ఉంటారు. అది జబ్బు కాదు. తెలియకపోవడం, తొందరపడటం వల్ల వచ్చే ఇబ్బంది.

భయం ఉన్నా, కోపం ఉన్నా, ఒళ్లు అలిసిపోయినా ఈ పని సరిగా జరగదు. ఒకే గది ఇల్లు. పక్కనే పిల్లలు, తడిక అవతల అత్తమామలు. ఎవరు లేస్తారో అని గుండెలు కొట్టుకుంటూ ఉంటే ఒళ్లు ఎలా సిద్ధమవుతుంది?

మొదటి రోజుల భయాలు

పెళ్లయిన మొదటి రాత్రి రక్తం కనపడాలి అంటారు కొందరు. కనపడకపోతే పిల్లను అనుమానిస్తారు. ఇది చాలా తప్పు.

యోని ద్వారం దగ్గర పలచని పొర ఉంటుంది. అది అందరిలో ఒకేలా ఉండదు. కొందరిలో బాగా సాగుతుంది. కొందరిలో పుట్టుకతోనే చాలా తక్కువగా ఉంటుంది. అందువల్ల మొదటిసారి కలిసినప్పుడు రక్తం రాని ఆడవాళ్లు చాలామంది ఉంటారు. రక్తం చూసి ఆడపిల్ల శీలాన్ని చెప్పడం ఏ డాక్టరు వల్లా కాదు. ఏ అత్తగారి వల్లా కాదు.

కొందరు అమ్మాయిలకు మరో ఇబ్బంది వస్తుంది. భర్త దగ్గరికి రాగానే యోని చుట్టూ ఉన్న కండరాలు వాటంతట అవే బిగుసుకుపోతాయి. కలయిక జరగదు. కన్ను దగ్గరికి వేలు తెస్తే రెప్ప ఎలా మూసుకుంటుందో, ఇదీ అలాంటిదే. ఆ పిల్ల కావాలని చేసేది కాదు. పొగరు అసలే కాదు. భయం, నొప్పి, చిన్నప్పుడు జరిగిన చెడు అనుభవం, ఇలా ఎన్నో కారణాలు ఉండొచ్చు. బలవంతం చేస్తే ఇంకా బిగుసుకుంటాయి. దీనికి మంచి వైద్యం ఉంది. కండరాలను వదులు చేసుకునే పద్ధతి డాక్టరు నేర్పుతారు. భర్త ఓపిక పట్టాలి. కొన్ని వారాల్లో, కొన్ని నెలల్లో చాలామందికి తగ్గిపోతుంది.

కలిసినప్పుడు నొప్పి ఎందుకు?

నొప్పికి కారణాలు చాలా ఉన్నాయి.

ఒకటి, తడి లేకపోవడం. తొందరపడినా, ఇష్టం లేకపోయినా తడి రాదు. బిడ్డకు పాలిచ్చే రోజుల్లో కూడా తడి తక్కువగా ఉంటుంది. అది సహజం.

రెండు, కాన్పు గాయం. కుట్లు పడితే అవి మానాలి. గర్భసంచి మామూలు స్థితికి రావాలి. దీనికి సుమారు 6 వారాలు పడుతుంది. ఆ తర్వాత కూడా తల్లికి ఇష్టమైనప్పుడే కలవాలి. కుట్ల దగ్గర నొప్పి పోకపోతే చూపించుకోవాలి.

మూడు, జననాంగాల్లో చీము, పుండు, దురద, మంట. వీటిని పుట్టించేవి కంటికి కనపడని క్రిములు.

నాలుగు, పొత్తికడుపు లోపల జబ్బు. గర్భసంచి దగ్గర వాపు ఉన్నా, గడ్డలు ఉన్నా లోపల లోతుగా నొప్పి వస్తుంది. నొప్పితోపాటు జ్వరం కూడా ఉంటే ఆలస్యం చేయకూడదు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

మరో మాట బాగా గుర్తుంచుకోవాలి. కలిసిన తర్వాత రక్తం కనపడితే ఊరుకోకూడదు. ముట్టు ఆగిపోయిన చాలా రోజులకు మళ్లీ రక్తం కనపడినా ఊరుకోకూడదు. అన్నిసార్లూ అది పెద్ద జబ్బే కాదు. కానీ గర్భసంచి ముఖద్వారం క్యాన్సరు కావచ్చు, వేరే క్యాన్సరూ కావచ్చు. తొందరగా కనిపెడితే నయమవుతుంది. 30 ఏళ్లు దాటిన ఆడవాళ్లు, ఏ బాధా లేకపోయినా, ఈ క్యాన్సరు పరీక్ష చేయించుకోవడం మంచిది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ పరీక్ష ఉంది.

తెల్లబట్ట - ఏది మామూలు, ఏది జబ్బు?

"ఎముకలు కరిగి తెల్లబట్టగా పోతున్నాయి" అని చాలామంది భయపడతారు. ఎముకలు కరగవు. యోని తనను తాను శుభ్రం చేసుకునేటప్పుడు కొంచెం తెల్లని జిగురు వస్తుంది. ముట్టుకూ ముట్టుకూ మధ్య రోజుల్లో, కడుపుతో ఉన్నప్పుడు ఇంకొంచెం ఎక్కువ వస్తుంది. వాసన లేకుండా, దురద లేకుండా ఉంటే అది మామూలే.

పెరుగు విరిగినట్టు ముద్దలుగా వచ్చి, దురద పెడితే జబ్బు. పచ్చగా వచ్చినా, నీచు వాసన వచ్చినా, మంట పుట్టినా జబ్బు. దీనికి మాత్రలు ఉన్నాయి. కొన్ని రకాల జబ్బులు కలయిక వల్ల ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటాయి. అప్పుడు భార్య ఒక్కతే మందు వాడితే లాభం లేదు. భర్త కూడా వాడాలి. లేకపోతే తగ్గిన జబ్బు మళ్లీ వస్తుంది. చిల్లు కుండలో నీళ్లు పోసినట్టు అవుతుంది. నయమయ్యే దాకా కలవకుండా ఉండాలి. లేదా నిరోధ్ వాడాలి.

లోపల సబ్బుతో, డెట్టాలుతో కడగకూడదు. జబ్బు తగ్గకపోగా ఎక్కువవుతుంది. బయట మంచినీళ్లతో కడుక్కుంటే చాలు.

గర్భసంచి తీసేస్తే తీరిపోతుందా?

తెల్లబట్ట అని వెళితే, "గర్భసంచి పాడైంది, తీసేయాలి, లేకపోతే క్యాన్సరు వస్తుంది" అని భయపెట్టేవాళ్లు ఉన్నారు. "పిల్లలు పుట్టేశారు కదా, ఇక అది ఎందుకు?" అని ఇంట్లోవాళ్లూ అంటారు. అప్పు చేసి ఆపరేషను చేయిస్తారు.

2015-16లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క చూడండి. దేశంలో 15 నుంచి 49 ఏళ్ల వయసు ఆడవాళ్లలో 100కి సుమారు 3 మందికి గర్భసంచి తీసేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 100కి సుమారు 9 మందికి తీసేశారు. తెలంగాణలో సుమారు 8 మందికి తీసేశారు. తెలుగు ఆడవాళ్ల గర్భసంచులే ఎక్కువగా పాడవుతాయా? కాదు. మందులతో తగ్గే జబ్బులకు కూడా కత్తి పెడుతున్నారు. అవసరం లేని గర్భసంచి ఆపరేషన్లు ఆపాలని, కేంద్రం ఇచ్చిన నియమాలను రాష్ట్రాలన్నీ అమలు చేయాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది.

గర్భసంచి ఆపరేషను నిజంగా అవసరమైన జబ్బులు ఉన్నాయి. అప్పుడు చేయించుకోవాల్సిందే. కానీ తెల్లబట్టకు అది మందు కాదు. గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ఒంట్లో ముసలితనం ముందే వస్తుంది. ఒళ్లంతా ఆవిర్లు, యోనిలో పొడితనం, ఎముకల బలహీనత వస్తాయి. కలయికలో నొప్పి తగ్గాలని ఆపరేషనుకు వెళ్లిన మనిషికి నొప్పి ఇంకా పెరగొచ్చు. అందుకే ఆపరేషను అనగానే ఒప్పుకోకూడదు. "జబ్బు పేరేమిటి? మందులతో తగ్గదా? అండాశయాలు కూడా తీస్తారా?" అని అడగాలి. ఇంకో డాక్టరుకు కూడా చూపించాలి. కాగితం మీద వేలిముద్ర వేసే రోజులు పోయాయి. సంతకం పెట్టే ముందు చదవాలి.

ఇష్టం పుట్టకపోతే?

తెల్లవారుజామున లేచి పేడకళ్లెత్తి, వంట చేసి, పగలంతా నాట్లు వేసి, రాత్రి అంట్లు తోమి నడుం వాల్చిన మనిషికి ఏమి కావాలి? నిద్ర కావాలి. అప్పుడు భర్త దగ్గరికి వస్తే విసుగు పుడుతుంది. దాన్ని "నీకు నా మీద ఇష్టం లేదు" అనుకుంటే ఎలా?

ఇష్టం తగ్గడానికి చాలా కారణాలు ఉంటాయి. రక్తం తక్కువగా ఉండటం ఒకటి. 2019-21 సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 100కి 57 మందికి రక్తహీనత ఉంది. రక్తం లేని ఒంటికి నడవడానికే ఓపిక ఉండదు. ఇక వేరే ఇష్టాలు ఎక్కడివి?

మళ్లీ కడుపు వస్తుందేమో అన్న భయం ఇంకొకటి. గొడవలు, అప్పులు, అనుమానాలు మరికొన్ని. తాగి వచ్చిన భర్త నోటి వాసన కూడా ఒక కారణమే. థైరాయిడ్ జబ్బు, కొన్ని రకాల మందులు కూడా ఇష్టాన్ని తగ్గిస్తాయి. కొందరికి దేని మీదా మనసు పోదు. ఊరికే ఏడుపు వస్తుంది, నిద్ర పట్టదు. అది మనసుకు వచ్చే జబ్బు. దానికీ వైద్యం ఉంది.

కారణం ఏదో తెలిస్తే మార్గం దొరుకుతుంది. రక్తం తక్కువైతే ఐరన్ మాత్రలు, ఆకుకూరలు, బెల్లం, గుడ్లు. కడుపు భయమైతే కుటుంబ నియంత్రణ పద్ధతి. అలుపైతే? ఇంటి పనిలో భర్త చెయ్యి వేయాలి. రెండు బిందెల నీళ్లు ఆయన తెచ్చినా భార్య నడుముకు కాస్త తెరిపి దొరుకుతుంది.

ముట్టు ఆగిపోయాక

చాలామందికి 45, 50 ఏళ్ల మధ్య ముట్టు ఆగిపోతుంది. ఒంట్లో కొన్ని రసాలు తగ్గుతాయి. యోని లోపలి పొర పలచబడి, పొడిబారుతుంది. అందుకే నొప్పి, మంట. "ఈ వయసులో ఇంకా ఎందుకు?" అని సిగ్గుపడి డాక్టరుకు చెప్పరు. కలయిక కావాలా వద్దా అన్నది ఆ ఇద్దరి ఇష్టం. దానికి వయసు కట్టుబాటు లేదు. మందుల షాపుల్లో తడి కోసం నీటితో చేసిన జెల్లీ దొరుకుతుంది. డాక్టరు రాసే పూతమందులు కూడా ఉన్నాయి. నిరోధ్ వాడేవాళ్లు కొబ్బరినూనె రాయకూడదు. నూనె తగిలితే నిరోధ్ చిరిగిపోతుంది.

మగవాళ్ల ఇబ్బందులు

అంగం గట్టిపడకపోవడం చాలామంది మగవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు జరుగుతుంది. అలిసిపోయినప్పుడు, దిగులుగా ఉన్నప్పుడు, తాగినప్పుడు జరుగుతుంది. ఒకసారి అలా జరిగితే మగతనం పోయినట్టు కాదు. కానీ ఈసారి కూడా అలాగే అవుతుందేమో అని భయపడితే ఆ భయమే మళ్లీ అడ్డు పడుతుంది.

వారాల తరబడి అలాగే ఉంటే మాత్రం పరీక్ష చేయించుకోవాలి. షుగరు జబ్బు, బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లలో ఈ ఇబ్బంది ఎక్కువ. అంగానికి వెళ్లే రక్తనాళాలు సన్ననివి. అవి ముందు మూసుకుపోతాయి. గుండె నాళాల్లో జబ్బు మొదలవుతోందని చెప్పే గుర్తు కూడా ఇదే కావచ్చు. కాబట్టి దీన్ని దాచడం ప్రాణానికే ప్రమాదం. బీడీ, సిగరెట్టు, గుట్కా కూడా రక్తనాళాలను పాడు చేస్తాయి.

తాగితే మగతనం పెరుగుతుందని కొందరి నమ్మకం. నిజం దానికి తిరకాసు. తాగినప్పుడు కోరిక లేచినట్టు ఉంటుంది, ఒళ్లు మాత్రం సహకరించదు. ఏళ్ల తరబడి తాగితే నరాలూ కాలేయమూ దెబ్బతింటాయి. అప్పుడు తాగని రోజు కూడా ఇబ్బందే.

రెండో ఇబ్బంది, వీర్యం తొందరగా పడిపోవడం. ఇదీ చాలామందికి ఉండేదే. కొత్త కాపురంలో, చాలా రోజుల తర్వాత కలిసినప్పుడు ఇంకా ఎక్కువ. దీనికి డబ్బు ఖర్చు లేని పద్ధతి ఒకటి ఉంది. వీర్యం పడేలా ఉందనిపించగానే ఆగాలి. ఆ ఊపు తగ్గాక మళ్లీ మొదలుపెట్టాలి. ఇలా కొన్ని వారాలు అలవాటు చేసుకుంటే చాలామందికి అదుపు వస్తుంది. భార్య సాయం లేకుండా ఇది జరగదు. అందుకే ముందు ఆమెకు చెప్పాలి. దీంతో తగ్గకపోతే డాక్టరు ఇచ్చే మందులు ఉన్నాయి.

మూడోది భయం మాత్రమే. నిద్రలో వీర్యం పోతే నీరసించి పోతామని కుర్రవాళ్లు బెంగపెట్టుకుంటారు. "వంద చుక్కల రక్తం కలిస్తే ఒక చుక్క వీర్యం" అని పెద్దలు చెప్పిన మాట వాళ్లను భయపెడుతుంది. వీర్యం రక్తం నుంచి చిలికి తీసిన వెన్న కాదు. ఒంట్లో రోజూ తయారయ్యేది. నిద్రలో పోవడం వయసుకు సహజం. ఈ బెంగతో నీరసించే జబ్బుకు 1960లో డాక్టర్ ఎన్.ఎన్. విగ్ అనే మనోవైద్యుడు 'ధాతు సిండ్రోమ్' అని పేరు పెట్టాడు. అక్కడ మనిషిని పీల్చేది వీర్యం పోవడం కాదు, పోతోందన్న బెంగ.

ఇలాంటి భయమే ఇంకొకటి. మగవాళ్లు కుటుంబ నియంత్రణ ఆపరేషను చేయించుకుంటే మగతనం పోతుందంటారు. పోదు. బీజకణాలు వెళ్లే సన్నని గొట్టాన్ని మాత్రమే కత్తిరిస్తారు. కోరిక తగ్గదు, అంగం గట్టిపడటం తగ్గదు, బరువు పనులూ చేసుకోవచ్చు. ఆపరేషను తర్వాత సుమారు 3 నెలలు, పరీక్షలో బాగుందని తేలేదాకా, వేరే పద్ధతి వాడాలి. ఈ భయం వల్ల భారమంతా ఆడవాళ్ల మీద పడింది. 2019-21 సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో 100కి సుమారు 70 మంది ఆపరేషను చేయించుకున్నవాళ్లే. మగవాళ్ల ఆపరేషన్లు 100కి ఒకటి కూడా లేవు.

గోడ మీద రాతలు

బస్టాండు గోడల మీద, కరెంటు స్తంభాల మీద కాగితాలు కనపడతాయి. "నరాల బలహీనత, శీఘ్రస్ఖలనం, రహస్య వ్యాధులకు గ్యారంటీ వైద్యం" అని రాసి ఉంటుంది. ఇప్పుడు ఆ ప్రకటనలు ఫోనులోకి కూడా వచ్చాయి. చదువు వచ్చిన ఆడవాళ్లు వాటిని చదవగలరు. చదివి ఏమని అర్థం చేసుకోవాలి?

ఇలాంటి ప్రకటనలు ఇవ్వకూడదని 1954లోనే చట్టం వచ్చింది. దాన్ని మందులు, మాయ వైద్యాల ప్రకటనల చట్టం అంటారు. లైంగిక శక్తి పెంచుతామని మందును ప్రచారం చేయడం ఈ చట్టం ప్రకారం నేరం. చట్టాన్ని తోసిపుచ్చి కాగితం అంటించినవాడి వైద్యాన్ని నమ్మవచ్చా?

వాళ్లు ఇచ్చే పొడుల్లో, లేహ్యాల్లో ఏముందో ఎవరికీ తెలియదు. కొన్నింటిలో సీసం, పాదరసం లాంటివి ఉంటాయి. అవి మూత్రపిండాలను పాడు చేస్తాయి. కొన్నింటిలో ఇంగ్లీషు మందు రహస్యంగా కలుపుతారు. అంగం గట్టిపడటానికి డాక్టర్లు రాసే మాత్రలు నిజంగానే ఉన్నాయి. కానీ గుండె నొప్పికి నాలుక కింద మాత్ర వాడేవాళ్లు వీటిని వేసుకుంటే బీపీ పడిపోయి ప్రాణం పోవచ్చు. అందుకే ఎవరో చెప్పారని షాపులో కొనుక్కొని మింగకూడదు.

మాట ఎలా మొదలుపెట్టాలి?

చాలా బాధలకు మొదటి మందు మాట. రాత్రి పడక మీద, ఆ సమయంలోనే చెబితే తగువు అవుతుంది. పగలు, ఇద్దరూ నెమ్మదిగా ఉన్నప్పుడు చెప్పాలి. పొలం గట్టు మీద నడుస్తూ చెప్పొచ్చు. పిల్లలు బడికి వెళ్లినప్పుడు చెప్పొచ్చు.

"నీవల్లే ఇదంతా" అంటే ఎదుటి మనిషి ముడుచుకుపోతాడు. "ఏమయ్యా, నాకు నొప్పిగా ఉంటంది. నువ్వు తొందరపడకుండా ఉంటే బాగుంటది. ఇద్దరం పోయి చూపించుకుందాం" అంటే వింటాడు. భర్త తన బాధ చెబితే భార్య నవ్వకూడదు. నలుగురిలో అనకూడదు. ఒకసారి నవ్వితే ఆ మనిషి మళ్లీ నోరు తెరవడు.

ఇలాంటి ఇబ్బందులకు డాక్టర్లు ఒక పద్ధతి చెబుతారు. కొన్ని రోజులు కలయిక పూర్తిగా మానేయాలి. ఊరికే పక్కన పడుకోవాలి. మాట్లాడుకోవాలి, ఒకరినొకరు తాకాలి. ఏది బాగుందో, ఏది బాగాలేదో చెప్పుకోవాలి. తప్పక కలవాలన్న ఒత్తిడి పోతే భయం పోతుంది. భయం పోతే ఒళ్లు దానంతటదే దారికి వస్తుంది.

వద్దు అంటే వద్దు

ఇంతవరకు చెప్పినవి ఇబ్బందులు. ఇప్పుడు చెప్పేది ఇబ్బంది కాదు, హింస.

భార్య వద్దన్నా కొట్టి, బెదిరించి కలవడం కాపురం కాదు. ఒంట్లో బాగాలేనప్పుడు, కాన్పు గాయం మానకముందే బలవంతం చేయడం కూడా హింసే. గృహహింస చట్టం 2005లో వచ్చింది. 2006 అక్టోబరు 26 నుంచి అమలులో ఉంది. భార్యను లైంగికంగా బాధించడం కూడా ఈ చట్టం కింద హింసే. ఇలాంటి కష్టంలో ఉన్నవాళ్లు 181 నంబరుకు ఫోను చేయొచ్చు. డబ్బు ఖర్చు ఉండదు.

ఇంటి గుట్టు బయట పెట్టడమా అని అనుకునేవాళ్లు ఒక సంగతి గుర్తు చేసుకోవాలి. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు అక్షరాలు నేర్చుకోవడానికి కూడారు. అక్కడ సారా గురించి మాట్లాడుకున్నారు. అంతకు ముందు తాగి కొట్టే మొగుడు ఎవరి ఇంటి గుట్టు వాళ్లకే. నోరు విప్పాక అది ఊరి సంగతి అయింది, రాష్ట్రం సంగతి అయింది. 1992లో ఉద్యమం లేచింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా అమ్మకం నిలిపేశారు. మాటకు అంత బలం ఉంది.

ఎవరి దగ్గరికి వెళ్లాలి?

ముందు ఊళ్లో ఆశా కార్యకర్తకు గానీ, ఏఎన్‌ఎంకు గానీ చెప్పాలి. "నర్సమ్మా, నీతో ఒక్కదానితో మాట్లాడాలి" అంటే చాలు. ఆమె పక్కకు తీసుకెళ్లి వింటుంది. అక్కడి నుంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపుతుంది. కలయిక వల్ల అంటుకునే జబ్బులకు పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో సురక్ష క్లినిక్‌లు ఉన్నాయి. అక్కడ పరీక్ష, మందులు ఉచితం. మనసు బాగాలేనివాళ్లు 14416 నంబరుకు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. ఈ టెలీ మానస్ సేవ 2022 అక్టోబరులో మొదలైంది.

డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు నాలుగు మాటలు కాగితం మీద రాసుకోవాలి. బాధ ఎప్పటి నుంచి ఉంది? ఎప్పుడు ఎక్కువవుతుంది? చివరి ముట్టు ఏ తేదీన వచ్చింది? ఇప్పుడు ఏ మందులు వాడుతున్నారు? నోటితో చెప్పడానికి సిగ్గు వేస్తే ఆ కాగితం చేతికి ఇస్తే సరిపోతుంది. నేర్చుకున్న అక్షరం అక్కడ అక్కరకు వస్తుంది. లేడీ డాక్టరు కావాలని అడగొచ్చు. పరీక్ష చేసేటప్పుడు తోడుగా ఒక ఆడమనిషి ఉండాలని అడగొచ్చు. బీపీకో, మనసు జబ్బుకో వాడే మందుల వల్ల ఇబ్బంది అనిపిస్తే సొంతంగా మానేయకూడదు. డాక్టరుకు చెబితే మందు మారుస్తారు.

గుర్తుంచుకోండి

• కలయికలో నొప్పి ఓర్చుకోవాల్సిన బాధ కాదు, చూపించుకోవాల్సిన బాధ.
• వాసన, దురద, మంట ఉన్న తెల్లబట్టకు మందు ఉంది. అవసరమైతే ఇద్దరూ వాడాలి.
• తెల్లబట్టకు గర్భసంచి తీయించుకోవడం వైద్యం కాదు.
• కలిసిన తర్వాత రక్తం కనపడితే వెంటనే చూపించుకోవాలి.
• అంగం గట్టిపడకపోవడం షుగరుకు, గుండె జబ్బుకు గుర్తు కావచ్చు.
• గోడ మీది ప్రకటన చూసి మందు కొనకూడదు.
• బలవంతం హింస. 181కి ఫోను చేయొచ్చు.

మాట్లాడుకోండి

1. మీ ఊళ్లో తెల్లబట్ట గురించి ఏమంటారు? అందులో ఏది నిజం?
2. మీకు తెలిసినవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు ఎందరు? ఏ వయసులో, ఎందుకు తీశారు?
3. కొత్తగా పెళ్లయిన పిల్లకు నొప్పి వస్తోందని తెలిస్తే అత్తగారు, తల్లి ఏమి చేయాలి?
4. మీ ఊరి గోడల మీద ఉన్న మందుల ప్రకటన ఒకటి చదవండి. అందులో ఏ మాటలు నమ్మదగినవి కావు?